తినువాని మాట, గానుగవాని పని

సంతలో బెల్లపు దిమ్మలు దించినంతనే వర్తకుడు చేయు మొదటిపని యేమి? దిమ్మ మూలనుండి చిన్న పెచ్చు ఊడదీసి, వెలుతురునకెత్తి చూచును. పచ్చగా మెఱసిన ఒక ధర, నల్లగానున్న వేఱొక ధర. ఒక్కొక్కప్పుడు ఆ పెచ్చును నోట వేసికొననైనను వేసికొనడు. ఏడాది పొడుగున నీరు కట్టి, ఎరువు వేసి, రాత్రులు పొయ్యి యొద్ద మేల్కొని వండిన రైతు కష్టమునకు ఆ క్షణకాలపు చూపే తీర్పు. ఈ తీర్పునకు వెఱచియే పలువురు రైతులు రసము కాగునప్పుడు హైడ్రోసు పొడి చల్లుటకు అలవాటుపడిరి. దానివలన రంగు తేలును. కాని కొన్నాళ్లు నిల్వయున్న పిమ్మట ఆ రంగు మరల నల్లబడును. మీదుమిక్కిలి గంధకపు శేషము బెల్లములో నిలుచును. ఆహార ప్రమాణములు దీనికి మితి విధించినవి కావున, మితి మీరినచో సరకు మొత్తము త్రోసివేయబడును.

ఇక ఆ బెల్లమే ఒక యింటికి చేరినదనుకొందము. ఇల్లాలు పరమాన్నము వండి, బెల్లము వేయగా పాలు విరిగినవి. గిన్నె అడుగున మట్టి తగిలినది. వానకాలము రాగానే డబ్బాలోని బెల్లము చెమర్చి పాకమైనది. ఆమె రంగును గూర్చి ఒక్కమాటయు అనదు. “ఈ బెల్లము మరల తేవద్దు” అని మాత్రము భర్తతో చెప్పును. ఆ మాట అంగడివాని వఱకు పోవునేమో కాని, మన గానుగ వఱకు రాదు.

సోదర రైతులారా! మనము ధర చెప్పువాని మాట వినుచున్నాము. తినువాని మాట వినుట లేదు. అచ్చు బెల్లము, పొడి బెల్లము, సీసాలలో పానకము మొదలగు క్రొత్త సరకులను తయారు చేయవలెనని సంఘములు తలపెట్టుచున్న యీ దినములలో ఈ లోపము మిక్కిలి నష్టకరము. యంత్రము కొన్న పిమ్మట, అప్పు తెచ్చిన పిమ్మట, సరకు అంగడిలో కదలకున్న పిమ్మట తప్పు తెలిసికొనుటకంటె, మొదటనే కాగితముపై తెలిసికొనుట చౌక. అట్లు తెలిసికొను పద్ధతి యొకటి కలదు. దానిని బెల్లమునకు అన్వయించి వివరించుటయే యీ వ్యాస ముద్దేశము.

పద్ధతి పుట్టుక

1966వ సంవత్సరమున జపాను దేశమందు యోజీ అకావో అను పండితుడు ఒక ఆలోచనను ప్రతిపాదించెను. సరకు తయారైన పిమ్మట పరీక్షించి చెడ్డదానిని ఏరివేయుటకంటె, కొనువాడు కోరు ఏ గుణము మన ఏ పనివలన కలుగునో ముందుగనే నిర్ణయించుకొనుట మేలని ఆయన మతము. 1972లో కోబె రేవునందలి మిత్సుబిషి వారి ఓడల కర్మాగారమున ఈ ఆలోచనను పట్టిక రూపమున ఆచరణలో పెట్టిరి. ఓడ అనునది కొనువాని కోర్కె ననుసరించి ఒక్కొక్కటిగా కట్టబడునది. కట్టిన పిమ్మట తప్పు దిద్దుట దుర్లభము. కావున కోర్కెలను ఎడమప్రక్కను, వానిని సాధించు కొలతలను పై వరుసను వ్రాసి, దేనికి దేనితో సంబంధమో గడులలో గుర్తించిరి. 1978లో షిగెరు మిజునో, అకావో ఇరువురును కలిసి ఈ పద్ధతిపై గ్రంథము వెలువరించిరి.

ఆ దేశపు మోటారుబండ్లవారు దీనిని చేపట్టి గొప్ప ఫలము పొందిరి. టయోటా బండ్లు ఒకప్పుడు తుప్పు విషయమున అపకీర్తి పాలైనవి. “బండి మన్నిక” అను ఒక్కమాటను వారు 53 అంశములుగా విడదీసి, ఒక్కొక్కటి ఏ పనిపై ఆధారపడియున్నదో పరిశీలించి, ఆ అపకీర్తిని తొలగించుకొనిరి. టయోటా ఆటో బాడీ కర్మాగారమున క్రొత్త బండి తయారీని ఆరంభించుటకగు వ్యయము 1977 నాటికంటె 1984 నాటికి నూటికి 61 పాళ్లు తగ్గెను. 1988లో అమెరికాయందు జాన్ హౌసరు, డాన్ క్లాసింగ్ అను వారు ఒక వ్యాసము వ్రాసి, ఈ పట్టికను “నాణ్యపు ఇల్లు” అను పేరున లోకమునకు తెలిపిరి. పట్టికపై ఇంటికప్పువలె త్రికోణమొకటి నిలుచుటచే ఆ పేరు వచ్చినది.

ఓడలకును మోటారులకును పుట్టిన పద్ధతి బెల్లమునకు పనికివచ్చునా యని కొందఱు శంకింపవచ్చును. ఇందు కావలసినవి ఒక పెద్ద కాగితము, ఒక పెన్సిలు, ఓపికతో వినుచెవి, అంతే. చిన్న సంఘమునకే ఇది మరింత అవసరము. పెద్ద కంపెనీ ఒక సరకు నష్టమును వేఱొక సరకు లాభముతో పూడ్చుకొనగలదు. మనకు ఒక్క ఋతువు పోయినచో ఏడాది పోయినట్లే.

మొదటి మెట్టు: అడుగుట

ఎవరిని అడుగవలెను? కొనువాడనగా ఒక్కడు కాడు. కమీషను వర్తకుడొకడు, చిల్లర అంగడివాడొకడు, మిఠాయి చేయువాడొకడు, ఇంట వండు ఇల్లాలొకతె. వీరి కోర్కెలు వేఱు. వర్తకునికి రంగు, అంగడివానికి కారిపోని దిమ్మ, మిఠాయివానికి త్వరగా కుదురు పాకము, ఇల్లాలికి విరుగని పాలు. అందఱి మాటలను ఒక్క కుప్పగా పోయక, ఎవరి మాట వారి పేరునకు ఎదురుగా వ్రాయవలెను.

ఎందఱిని అడుగవలెను? వేలకొలది జనులను అడుగ నక్కఱలేదు. అబీ గ్రిఫిన్, జాన్ హౌసరు అనువారు 1993లో ప్రకటించిన పరిశోధనయందు, ఒకే తరగతికి చెందిన 20 మొదలు 30 మందితో నిదానముగా మాటలాడినచో వారి అవసరములలో నూటికి తొంబది పాళ్లు బయటపడునని తేల్చిరి. సంఘ సభ్యులు ఐదుగురు పూనుకొని, ఒక్కొక్కరు ఆరిండ్లకు పోయినచో ఈ పని నెఱవేఱును.

ఎట్లు అడుగవలెను? “మా బెల్లము బాగున్నదా?” అని అడుగరాదు. అట్లడిగిన మర్యాదకు బాగున్నదనియే చెప్పుదురు. “అమ్మా, పోయినమారు కొన్న బెల్లముతో ఏమి వండితిరి? వండునప్పుడు ఏమైనది? మిగిలినదానిని ఎందులో దాచితిరి? ఎన్నాళ్లుండెను?” అని అడుగవలెను. వీలైనచో వంటయింటి గుమ్మము నొద్ద నిలిచి డబ్బాను చూపింపుమని కోరవలెను. ఆమె చెప్పిన మాటను ఆమె నోట వచ్చినట్లే వ్రాసికొనవలెను. “పాలలో వేసితిని, విరిగినది” అని ఆమె యనగా, మనము “ఆమ్లత్వము హెచ్చు” అని వ్రాసికొనినచో, కోర్కె పోయి మన ఊహ మిగులును. కారణము వెదకుట తరువాతి పని.

రెండవ మెట్టు: గుణములను వేఱుపఱచుట

వచ్చిన మాటలన్నియు సమానములు కావు. నొరియాకి కానో అను జపాను ఆచార్యుడు 1984లో గుణములు మూడు తెఱగులని నిరూపించెను.

మొదటి తెఱగు ఉండి తీరవలసినవి. బెల్లములో మట్టి లేదని ఎవరును మెచ్చుకొనరు. ఉన్నచో మాత్రము క్షమింపరు. ఇట్టివానిని అడిగినను జనులు చెప్పరు, ఏలయనగా ఉండునని వారి నమ్మకము. రెండవ తెఱగు ఎంత హెచ్చిన అంత మెప్పు తెచ్చునవి. రెండు నెలలు నిలుచు బెల్లముకంటె ఆరు నెలలు నిలుచు బెల్లము మేలు. మూడవ తెఱగు అనుకోకుండ సంతోషపెట్టునవి. ఒక వంటకు సరిగా సరిపోవు చిన్న అచ్చు, వండిన తేదీని తెలుపు చీటీ మొదలగునవి ఇట్టివి. లేకున్న కోపింపరు, ఉన్నచో గుర్తుంచుకొని మరల అడుగుదురు.

ఏది ఏ తెఱగో తెలియుటకు ప్రతి గుణమును గూర్చి రెండు ప్రశ్నలు వేయవలెను: “ఇది యున్నచో మీకెట్లుండును? లేకున్నచో ఎట్లుండును?” రెండు జవాబులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో తెఱగు తేలును. ఇందు మనకొక హెచ్చరిక కలదు. మొదటి తెఱగు గుణములు లేక మూడవ తెఱగు గుణములకై పరుగిడరాదు. రంగుల అట్టపెట్టెలో మట్టి బెల్లము పెట్టి అమ్మిన సంఘము ఒక్కసారి మాత్రమే అమ్మగలదు. మఱియు నేటి ముచ్చట రేపటికి వాడుకయగును. నేడు మెప్పు తెచ్చిన చీటీ, నలుగురును అంటించిన పిమ్మట, లేకున్న తప్పుగా ఎంచబడును. కావున ఈ విచారణ ఒకసారితో ముగియునది కాదు.

మూడవ మెట్టు: పట్టిక వ్రాయుట

ఇప్పుడు కాగితముపై ఎడమప్రక్కను కోర్కెలను వ్రాసి, ఒక్కొక్కదానికి ఒకటి మొదలు ఐదు వఱకు ప్రాముఖ్యపు అంకె వేయవలెను. పై వరుసను మన చేతిలోనున్న పనులను వ్రాయవలెను. కోర్కెకును పనికిని గట్టి సంబంధమున్న గడిలో 9, మధ్యమమైనచో 3, స్వల్పమైనచో 1 వేసి, సంబంధము లేనిచో ఖాళీగా విడువవలెను. పిమ్మట ప్రాముఖ్యపు అంకెతో సంబంధపు అంకెను గుణించి, ఒక్కొక్క పని క్రింద మొత్తము కూడవలెను.

మచ్చునకు ఒక చిన్న పట్టికను వేసి చూతము. ఇందలి అంకెలు పద్ధతిని తెలుపుటకు వేసినవి మాత్రమే. ప్రతి సంఘమును తాను విన్న మాటలనుబట్టి తన అంకెలను వేసికొనవలెను.

కోర్కెలు నాలుగు: పాలు విరుగరాదు (5), మట్టియు పీచును తగులరాదు (5), వానకాలమున చెమర్చరాదు (4), రంగు బంగారువలె నుండవలెను (3).

పనులు ఆరు:

రసమును వడపోసి, కాగునప్పుడు మడ్డి తీయుట: మట్టితో 9, రంగుతో 9. మొత్తము 45, 27 కూడి 72.

సున్నపుతేట కలిపి రసపు పులుపును తగ్గించుట: పాలతో 9, చెమ్మతో 3, రంగుతో 3. మొత్తము 45, 12, 9 కూడి 66.

చెఱకు నరికినది మొదలు గానుగ ఆడువఱకు గడచు కాలము: పాలతో 3, చెమ్మతో 9, రంగుతో 3. మొత్తము 15, 36, 9 కూడి 60.

పెనము దించు వేడిమి: చెమ్మతో 9, రంగుతో 3. మొత్తము 36, 9 కూడి 45.

ఆరబెట్టుట, కట్టుట, నిల్వచేయుట: చెమ్మతో 9. మొత్తము 36.

హైడ్రోసు చల్లుట: రంగుతో 9. మొత్తము 27.

దేనిని వర్తకుని కొఱకై మనము మొదట చేయుచున్నామో అది పట్టికలో అడుగున నిలిచినది. తక్కిన పనులన్నియు అంతకంటె మిన్న. అంతియేకాదు, రంగు కూడ వడపోత వలనను మడ్డి తీయుట వలనను సాధ్యమేయని అదే పట్టిక చెప్పుచున్నది. బెండకాడలను దంచి నీట పిసికిన జిగురును కాగు రసములో పోసినచో మురికి తెట్టుగా పైకి తేలును. దానిని దేవివేసిన బెల్లము లేత బంగారు రంగున వచ్చును. ఇది పెద్దలెఱిగిన పద్ధతియే.

తక్కిన కారణములును రైతునకు తెలియనివి కావు. నరికిన చెఱకును ఆలస్యముగా ఆడినచో రసములోని చక్కెర విఱిగి, పులుపు హెచ్చును. అట్టి బెల్లము గాలిలోని తేమను పీల్చును. నరికిన ఒక దినములోగా ఆడుట మేలు. పాకమును సుమారు 116 మొదలు 118 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమియొద్ద దించవలెను. తొందరపడినచో తేమ మిగిలి దిమ్మ మెత్తబడును, ఆలసించినచో మాడును. నీటిలో వేసి ఉండకట్టి చూచు అనుభవమునకు తోడు ఒక ఉష్ణమాపకము నుంచుకొన్నచో, వండువాడు మాఱినను బెల్లము మాఱదు. పొలములో ఆలస్యముగా హెచ్చు నత్రజని ఎరువు వేసినచో రసపు గుణము తగ్గును. కావున ఇంటిలోని డబ్బా నుండి బయలుదేఱిన మాట పెనము దాటి, గానుగ దాటి, బండి దాటి, పొలములో ఎరువు వేయు దినము వఱకు పోవుచున్నది. పట్టిక వలన కలుగు ముఖ్యలాభ మిదియే.

నాలుగవ మెట్టు: ఇంటికప్పు

పట్టికపై త్రికోణము వేయుట ఏలయనగా, పనులు ఒకదానితో నొకటి పోరాడుచుండును. సున్నము పులుపును తగ్గించి పాలను కాపాడును, దిమ్మను గట్టిపఱచును. మితి మీరినచో అదే రంగును నల్లబఱచును. ఇట్టి పోరును ముందే గుర్తించి వ్రాసికొన్నచో, ఎవరికి తోచినట్లు వారు సున్నము పోయక, కొలిచి పోయుదురు. రెండు గుణములు పోరాడునప్పుడు ఒకదానిని చంపుట సులభమైన పని. రెండును నిలుచు త్రోవను వెదకుట నేర్పుగల పని.

ఇందుకు మన పొలములలోనే మంచి నిదర్శనము కలదు. బాపట్ల పరిశోధన కేంద్రము నుండి 1986లో విడుదలైన బి.పి.టి. 5204, అనగా సాంబమసూరి, సన్నని గింజతోను, వండిన అన్నపు రుచితోను తినువారి మనసు చూఱగొన్నది. కాని ఆ పైరునకు ఎండాకు తెగులు శత్రువు. తెగులునకు ఓర్చు వేఱొక రకమును పండింపుడని చెప్పుట సులభమే, తినువాడు ఒప్పుకొనడు. కావున హైదరాబాదునందలి కణ, అణు జీవశాస్త్ర కేంద్రమువారును, వరి పరిశోధన సంచాలనాలయమువారును కూడి, తెగులు నోర్చు మూడు జన్యువులను ఆ రకములో ప్రవేశపెట్టి, గింజ గుణమును అట్లే నిలిపి, 2008లో మెఱుగైన సాంబమసూరిని వెలువరించిరి. తినువానికి ఇష్టమైనది చెడక, పండించువానికి కష్టమైనది తొలగవలెను. క్రొత్త సరకును తలపెట్టు ప్రతి సంఘమునకును ఇదియే గుఱిగా నుండవలెను.

పట్టికను ఎవరు వ్రాయవలెను?

గుమాస్తా ఒక్కడు గదిలో కూర్చుండి వ్రాసిన పట్టిక గోడకు అలంకారమే యగును. చెఱకు నరకువాడు, బండి తోలువాడు, పెనము నొద్ద వండువాడు, తూకము వేయువాడు, అమ్మువాడు ఒక్కచోట చేరి వ్రాయవలెను. “సున్నము వలన పాలు విరుగవు” అని వండువాడు చెప్పగా, “బండి ఆలస్యమైన నాడు ఎంత సున్నము పోసినను లాభము లేదు” అని తోలువాడు చెప్పును. ఆ వాదమే పట్టికకు ప్రాణము. మఱియు అంకెలు మన అభిప్రాయములేగాని వేదవాక్యములు కావు. పట్టిక చెప్పిన మార్పును మొదట ఒక్క పెనములో చేసి, ఆ బెల్లమును మొదట అడిగిన యిండ్లకే యిచ్చి, వానకాలము గడచిన పిమ్మట మరల పోయి అడుగవలెను. వారు మెచ్చినచో అన్ని పెనములకును విస్తరింపవలెను. మెచ్చనిచో అంకెలు దిద్దవలెను. అంతవఱకును యంత్రములకై అప్పు చేయరాదు.

వర్తకుని సంగతి యేమని ఎవరైన అడుగవచ్చును. అతడు రంగు చూచియే ధర కట్టుచున్నంతకాలము, హైడ్రోసు మానిన రైతు ఒంటరిగా నష్టపడవలసినదే కదా! నిజమే. ఒక్క రైతు ఈ పనిని చేయలేడు. అందులకే సంఘము. పదిమంది బెల్లమును ఒకే తీరున వండించి, ఒకే గుర్తుతో, వండిన తేదీతో కట్టి, తినువాని యొద్దకు నేరుగా చేర్చగలిగినది సంఘము మాత్రమే. తినువాడు ఆ గుర్తును అడిగి కొన్ననాడు వర్తకుడును ఆ గుర్తునకే ధర కట్టును.

1844లో ఇంగ్లండునందలి రాచ్‌డేలు పట్టణమున బీద నేతపనివారు మొదలగు వారు కూడి చిన్న అంగడిని తెఱచి, కల్తీలేని సరకును సరియైన తూకముతో అమ్మిరి. సహకారోద్యమమునకు అది పునాదిరాయి యైనది. వారు కొనువారుగానుండి సంఘము కట్టిరి. కొనువాని బాధ వారి బాధయే. మనము పండించువారము కావున ఆ బాధ మనకు తానై తెలియదు. పోయి అడిగి తెలిసికొనవలెను. ఈ గానుగ ఋతువునకు ముందే ప్రతి బెల్లపు సంఘమును ముప్పది యిండ్ల గుమ్మములు త్రొక్కి, వారి మాటలను ఒక కాగితముపై వ్రాసి, వచ్చు సర్వసభ్య సమావేశమున చదువవలెనని మా ప్రార్థన.